తన తప్పు తానే దిద్దుకునే ర్యామ్: ఎందుకు? ఎలా?

ప్రశ్న: మేం వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటాం. ఇంట్లో సొంత పనికి ఒక వర్క్‌స్టేషన్ కట్టుకుందామనుకుంటున్నాను. ఈసీసీ (ఎర్రర్ కరెక్టింగ్ కోడ్) మెమరీ వేసుకోమని ఒకరు, ఇంటి కంప్యూటరుకు అంత హంగామా దేనికని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? వేసుకోవాలంటే ఏం చూసి కొనాలి?

మీ ఊళ్లో ఈ ప్రశ్నకు సగం జవాబు రోడ్డు మీదే ఉంది. లౌడన్ కౌంటీ పార్క్‌వే వాక్స్‌పూల్ రోడ్డును కలిసే చోట ఎటు చూసినా కిటికీల్లేని డేటా సెంటర్లే. ఆ భవనాల్లో ఈసీసీ మెమరీ లేని సర్వరు వెతికినా దొరకడం కష్టం. అక్కడికి కాస్త దూరంలో బ్రాంబుల్టన్ ఇళ్లలో ఈసీసీ ఉన్న కంప్యూటరు దొరకడమూ అంతే కష్టం. పగలు ఆ సర్వర్లను నడిపేవాళ్లలో కొందరు రాత్రి ఇంటికొచ్చి కూర్చునేది ఈసీసీ లేని ఈ కంప్యూటర్ల ముందే. తేడా ఎందుకో తెలిస్తే, మీకు ఏది కావాలో తేల్చుకోవడం తేలిక.

అసలు ర్యామ్‌లో తప్పు ఎందుకొస్తుంది?

ర్యామ్‌లో ప్రతి బిట్టూ అతి చిన్న కెపాసిటర్‌లో నిలిచిన కాస్తంత విద్యుదావేశం. అది కారిపోతూనే ఉంటుంది కాబట్టి సెకనుకు ఎన్నోసార్లు మళ్లీ నింపుతూ ఉండాలి. ఈ లోపల ఏదైనా దాన్ని కదిపితే 0 కాస్తా 1 అవుతుంది, లేదా 1 కాస్తా 0 అవుతుంది. చిప్ ప్యాకేజీలో కలిసిన రేడియోధార్మిక పదార్థాల జాడల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు బిట్లను తిరగేస్తున్నాయని 1970ల చివర్లో ఇంటెల్‌కు చెందిన తిమోతీ మే, ముర్రే వుడ్స్ చూపించారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలూ అదే పని చేయగలవు.

అయితే ఎక్కువ కేసుల్లో నేరస్థుడు ఆకాశంలో ఉండడు, స్లాటులోనే ఉంటాడు. గూగుల్ సర్వర్ల మీద టొరంటో విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఏడాదిలో సుమారు మూడో వంతు యంత్రాల్లో, 8 శాతానికి పైగా మాడ్యూళ్లలో కనీసం ఒక్క దిద్దదగ్గ తప్పు కనిపించింది. ఒకసారి తప్పు చేసిన మాడ్యూలే మళ్లీ మళ్లీ చేస్తోందనీ, కణాల దెబ్బ కన్నా హార్డ్‌వేర్ లోపాలే ఎక్కువనీ తేలింది. అంటే ర్యామ్ తప్పు చాలాసార్లు విడి ప్రమాదం కాదు, ఆ మాడ్యూలు పాడవుతోందనడానికి గుర్తు.

ఒక్క బిట్ తిరగబడితే ఏమవుతుంది?

ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి మెషీన్ ఆగిపోతుంది. అసలు భయపడాల్సింది మూడోదానికి: మెషీన్ నడుస్తూనే ఉంటుంది, లెక్క మాత్రం మారిపోతుంది. 2003లో బెల్జియంలోని షార్‌బేక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగు జరిగినప్పుడు ఒక అభ్యర్థికి 4096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. 4096 అంటే బైనరీలో పదమూడో స్థానంలోని ఒకే ఒక్క 1. సాఫ్ట్‌వేర్‌లో లోపమేదీ దొరక్కపోవడంతో ఎక్కడో ఒక బిట్ తిరగబడి ఉంటుందని భావించారు. అన్ని ఓట్లు రావడం అసాధ్యం కాబట్టి అది బయటపడింది. అదే మూడో స్థానంలోని బిట్ అయితే తేడా 4 ఓట్లు. అప్పుడు ఎవరికీ అనుమానమే వచ్చేది కాదు.

లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కూ 2022లో ఇలాంటి దెబ్బే తగిలింది. ఆయన వర్క్‌స్టేషన్‌లో కంపైలేషన్లు ఉన్నట్టుండి తప్పసాగాయి. కెర్నల్లో కొత్తగా కలిపిన కోడ్‌లో లోపమేమోనని మొదట అటు వెతికారు. చివరికి చూస్తే రెండున్నరేళ్లుగా బాగా పనిచేసిన ర్యామ్ మాడ్యూల్ ఒకటి పాడైంది. ఆ మెషీన్‌లో ఈసీసీ లేదు. ఉండి ఉంటే మొదటి రోజే లాగ్‌లో ఫలానా మాడ్యూలని కనిపించేది.

మరి ఈసీసీ తప్పును ఎలా దిద్దుతుంది?

మన ఆధార్ నంబరులో పన్నెండో అంకె తనిఖీ అంకె. మీరు ఒక అంకె తప్పు కొడితే నంబరు తప్పని వెంటనే తెలుస్తుంది, ఏ అంకె తప్పో మాత్రం తెలియదు. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన పద్ధతి ఒక మెట్టు పైకెక్కి తప్పు ఎక్కడుందో కూడా చెబుతుంది.

ఏడు గళ్లు తీసుకోండి. 1, 2, 4 గళ్లు తనిఖీకి. మిగతా నాలుగింటిలో డేటా. మొదటి తనిఖీ 1, 3, 5, 7 గళ్లను చూస్తుంది. రెండోది 2, 3, 6, 7ను, మూడోది 4, 5, 6, 7ను. ప్రతి గుంపులోనూ 1ల సంఖ్య సరిసంఖ్యగా ఉండేలా ముందే రాసి పెడతారు. ఇప్పుడు ఐదో గడి తిరగబడిందనుకోండి. 1వ గడి తనిఖీ తప్పుతుంది, 4వ గడి తనిఖీ తప్పుతుంది, 2వ గడిది సరిగ్గానే ఉంటుంది. తప్పిన రెండింటినీ కూడితే 1+4=5. దోషి ఐదో గడి. దాన్ని తిరగేస్తే సరిపోయింది.

64 డేటా బిట్లకు ఇలాంటి తనిఖీ బిట్లు 7 కావాలి. రెండు బిట్లు ఒకేసారి తప్పితే కనీసం పసిగట్టడానికి ఇంకొకటి కలిపి 8. అందుకే డీడీఆర్4 వరకు ఈసీసీ మాడ్యూల్ వెడల్పు 72 బిట్లు. డీడీఆర్4 మాడ్యూల్‌లో మామూలుగా వరుసకు 8 చిప్‌లుంటే ఈసీసీ మాడ్యూల్‌లో తొమ్మిది కనిపించేది ఇందుకే.

డీడీఆర్5లో ఈసీసీ ఎలాగూ ఉంటుందట కదా?

ఉంటుంది, కానీ అది వేరు. డీడీఆర్5 చిప్ తన లోపల 128 బిట్లకు 8 తనిఖీ బిట్లు పెట్టుకుని సొంత తప్పులు దిద్దుకుంటుంది. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా దారిలో జరిగే పొరపాటును అది చూడదు. దిద్దినా ఆ సంగతి మీకు చెప్పదు. మీకు కావలసింది ప్రాసెసర్ వరకు కాపు కాసే ఈసీసీ. దానికి మాడ్యూల్ మీద అదనపు చిప్‌లు ఉండి తీరాలి.

సరే, ఏం చూసి కొనాలి?

ప్రాసెసర్, మదర్‌బోర్డు, మాడ్యూల్, బయోస్. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కాదన్నా ఈసీసీ ఉండదు. పైగా మెషీన్ మామూలుగానే బూట్ అవుతుంది కాబట్టి, లేదన్న సంగతీ మీకు తెలియదు.

ఇంటెల్ వైపు 12వ తరం నుంచి 14వ తరం దాకా చాలా కోర్ ఐ5, ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఈసీసీని నడుపుతాయి. కాకపోతే బోర్డు మీద డబ్ల్యూ680 చిప్‌సెట్ ఉండాలి. జడ్690, జడ్790 బోర్డులతో కుదరదు. ఏఎండీ వైపు ఏఎమ్5 సాకెట్‌లోని రైజెన్ 7000, 9000 డెస్క్‌టాప్ చిప్‌లకు ఆ సామర్థ్యం ఉంది, కాని చివరి మాట బోర్డు తయారీదారుది. ప్రో కాని 8000జీ చిప్‌లను వదిలేయండి.

బోర్డు మాన్యువల్లో మెమరీ పేజీ తీసి అక్షరం అక్షరం చదవండి. కొన్నిట్లో ఈసీసీ మాడ్యూళ్లు ‘నాన్-ఈసీసీ మోడ్‌లో’ పనిచేస్తాయని రాసి ఉంటుంది. అంటే మాడ్యూల్ పెట్టుకోవచ్చు, తనిఖీ మాత్రం జరగదు. డబ్బు దండగ.

మాడ్యూళ్లలో రెండు జాతులున్నాయి. పైన చెప్పిన డెస్క్‌టాప్ బోర్డులకు ఈసీసీ యూడిమ్ కావాలి. సర్వర్లలో వాడేది ఆర్‌డిమ్. మీది డేటా సెంటర్ల ఊరు కాబట్టి, పాత సర్వర్ల నుంచి తీసిన ర్యామ్ చవగ్గా ఇస్తామనేవాళ్లు తగలొచ్చు. అది దాదాపు ఎప్పుడూ ఆర్‌డిమ్మే. డీడీఆర్4లో అయితే స్లాటులో పడుతుంది, మెషీన్ లేవదు. డీడీఆర్5లో గాడి స్థానమే వేరు, పట్టదు కూడా. థ్రెడ్‌రిప్పర్ 7000 లాంటి పెద్ద ప్రాసెసర్ తీసుకుంటే వ్యవహారం తిరగబడుతుంది. దానికి ఆర్‌డిమ్మే వేయాలి.

వేగం మీద ఆశ కాస్త తగ్గించుకోండి. గేమింగ్ ర్యామ్‌లా ఓవర్‌క్లాక్ చేసిన స్పీడ్లు ఈసీసీలో అరుదు. అదనపు చిప్‌లున్నందుకు ధర కూడా ఎక్కువే.

నిజంగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

బయోస్‌లో ఈసీసీ సెట్టింగ్ ‘ఆటో’లో ఉంటే ‘ఎనేబుల్డ్’కు మార్చండి. లైనక్స్‌లో డీఎంఐడీకోడ్ ఆదేశం ఇస్తే డేటా విడ్త్ 64, టోటల్ విడ్త్ 72 లేదా 80 అని రావాలి. రెండూ 64 అని వస్తే అది ఈసీసీ మాడ్యూల్ కాదు. ఇక్కడితో ఆగకండి. చిప్‌లు ఉన్నాయన్నదానికే ఇది సాక్ష్యం, పనిలో ఉన్నాయన్నదానికి కాదు. మెమరీ తప్పులను గమనించే ఈడాక్ డ్రైవర్ లోడైందో లేదో చూసి, వాటిని నమోదు చేసే రాస్‌డీమన్ ప్రోగ్రామ్ పెట్టుకుంటే దిద్దిన ప్రతి తప్పూ లెక్కకొస్తుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్‌లోని డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ ఎంట్రీలు చూడాలి. ఇంకా అనుమానముంటే బయోస్‌లో మెమరీ స్పీడును కొద్దికొద్దిగా పెంచి, దిద్దిన తప్పులు లాగ్‌లో పడుతున్నాయేమో గమనించి, తర్వాత మామూలు స్పీడుకు తెచ్చేయండి. ఈ పరీక్ష ముఖ్యమైన ఫైళ్లున్న డిస్కు తగిలించి మాత్రం చేయొద్దు.

చివరికి, మీకు కావాలా వద్దా?

గంటల తరబడి నడిచే సిమ్యులేషన్లు, డేటాబేసులు, వర్చువల్ మెషీన్లు, ఏళ్ల తరబడి దాచుకునే ఫొటోల సర్వరు ఉంటే వేసుకోండి. జడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ డిస్కు మీది తప్పు పట్టుకోగలదు గాని, చెక్‌సమ్ వేయకముందే ర్యామ్‌లో పాడైన డేటాను సరైనదనుకునే దాచిపెడుతుంది. ఆటలకు, బ్రౌజింగుకు, ఫైళ్లన్నీ క్లౌడ్‌లో ఉండే పనులకు ఈసీసీ లేకపోయినా కొంప మునగదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఈసీసీకి మీరిచ్చే డబ్బులో పెద్ద వాటా దిద్దడానికి కాదు, చెప్పడానికి. అదే మాడ్యూల్ నుంచి దిద్దిన తప్పులు రెండోసారి, మూడోసారి కనిపిస్తే వారంటీలో మార్పించండి. నెలకోసారైనా లాగ్ తెరిచే అలవాటు మీకు లేకపోతే, బ్యాకప్ డిస్కు ఇంకా కొనకపోయి ఉంటే, ముందు ఆ డబ్బు డిస్కు మీద పెట్టండి. ఈసీసీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.