వరుస తీగపై తెలుగు అక్షరం: కెర్నల్ డ్రైవర్ అమరికల పరిశీలన

ఉత్తర తెలంగాణలో పత్తి క్రయవిక్రయాలకు జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్ యార్డులు పేరొందినవి. తూకం వేసే ఎలక్ట్రానిక్ కాంటాను కంప్యూటరుకు కలపడానికి సాధారణంగా వాడేది వరుస ప్రసార పద్ధతి, అంటే సీరియల్ పోర్టు. ఒకే తీగపై బిట్లు ఒకదాని వెనుక ఒకటి ప్రయాణిస్తాయి. బరువును తెలిపే అంకెలు ఈ తీగపై ఏ ఇబ్బందీ లేకుండా సాగుతాయి. తక్‌పట్టీ కోసం బరువుతోపాటు రైతు పేరునో ఊరి పేరునో తెలుగులో పంపవలసి వస్తే ఏం జరుగుతుందన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

నేటి కంప్యూటర్లలో సీరియల్ పోర్టు అరుదు కనుక యుఎస్‌బి మార్పిడి తీగను వాడతారు. లినక్స్‌లో ఆ తీగలోని చిప్‌ను గుర్తించి తగిన డ్రైవర్‌ను కెర్నల్ నియోగిస్తుంది; సిహెచ్341, పిఎల్2303 అలాంటివే. డ్రైవర్ పని బిట్లను చేరవేయడం. వాటిని ఎలా గ్రహించాలో దాని పైనున్న టిటివై పొర నిర్ణయిస్తుంది. యుఎస్‌బి సీరియల్ పరికరానికి కెర్నల్ మొదట ఇచ్చే అమరిక 9600 బాడ్ వేగం, బైటుకు 8 బిట్లు. ఆరంభ, విరామ బిట్లను కలిపితే సెకనుకు 960 బైట్లు. యూనికోడ్‌ను యుటిఎఫ్-8 రూపంలో పంపినప్పుడు ప్రతి తెలుగు వర్ణానికీ, గుణింతపు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. ‘పత్తి’ అన్న మాటలో ప, త, పొల్లు, త, గుడి అని అయిదు సంకేతాలున్నాయి. మొత్తం 15 బైట్లు.

చిక్కు ఎనిమిదో బిట్టుతో వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ 7 బిట్లు చాలు. అందుచేత పాత పరికరాలకు అనువుగా ఎనిమిదో బిట్టును తొలగించే ‘ఐస్ట్రిప్’ అనే అమరిక కెర్నల్‌లో నేటికీ ఉంది. తెలుగు సంకేతాల బైట్లన్నింటిలోనూ ఆ బిట్టు 1. దాన్ని తొలగిస్తే ‘ప’ కాస్తా ఒక ఒరుగు గీత, ఒక సున్న, ఒక నక్షత్రపు గుర్తుగా మారుతుంది. ఆ సున్న ప్రమాదకరం. బరువు కోసం అంకెలను వెదికే ప్రోగ్రాముకు అది నిజమైన సున్నకు భిన్నంగా కనిపించదు. పొల్లు సంగతి ఇంకా విచిత్రం. దాని చివరి బైటు, ఎనిమిదో బిట్టు పోగానే, పంక్తి ముగిసిందని చెప్పే సంజ్ఞతో సమానమవుతుంది. ‘పత్తి’ రెండు పంక్తులుగా తెగుతుంది. ‘ఉట్నూరు’ కూడా అంతే. కరీంనగర్, ఆదిలాబాద్ పేర్లు రెండూ పొల్లుతోనే ముగియడం వల్ల అక్కడ తెగిన సంగతి వెంటనే బయటపడకపోవచ్చు.

ఓదెల పేరుకు పట్టే గతి వేరు. ‘ఓ’ చివరి బైటు ఎనిమిదో బిట్టును కోల్పోతే ‘ప్రసారం ఆపు’ అనే ఎక్సాఫ్ సంజ్ఞ అవుతుంది. ‘ఐఎక్సాన్’ అమరిక కూడా ఉంటే కెర్నల్ ఆ సంజ్ఞను ప్రోగ్రాముకు అందనీయదు. తన వైపు నుండి పంపడం మానేస్తుంది. దోషసందేశమేదీ రాదు. తీగ చెడిందనో కాంటా పాడయిందనో అనుకోవడం సహజం.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల పేరిట వెలసిన గోండీ లిపికి 2018లో, యూనికోడ్ 11.0లో స్థానం లభించింది. దాని సంకేతాలకు 4 బైట్లు కావాలి. వాటన్నింటి రెండో బైటూ, ఎనిమిదో బిట్టు లేకుంటే, ‘మళ్లీ పంపు’ అనే ఎక్సాన్ సంజ్ఞే. ఓదెల ఆపిన ప్రసారాన్ని గుంజాల గోండీ తిరిగి నడిపిస్తుందన్నమాట!

పరిష్కారం కష్టమైనది కాదు. ఎస్‌టిటివై ఆదేశంతో బైటుకు 8 బిట్లు అని నిర్ణయించి, ఐస్ట్రిప్, ఐఎక్సాన్‌లను తొలగించాలి. కాంటా వైపు కూడా అదే అమరిక ఉండాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సరి పారిటీ కోసం ‘ఈవెన్‌పి’ అని అడిగితే, ఆ ఆదేశం పారిటీతోపాటు 7 బిట్లను కూడా విధిస్తుంది. అంకెలతో మాత్రమే పరీక్షించి సరిపెట్టుకునే వారికి ఈ తేడా కనిపించదు. పరీక్షకు ‘ఓదెల పత్తి’ అన్న రెండు మాటలు పంపడం మేలు.

సీరియల్ తీగపై నేరుగా టైపు చేసే సందర్భంలో ‘ఐయుటిఎఫ్8’ అమరికా కావాలి. అది లేకపోతే చెరుపు మీట ఒక్క బైటునే తీసివేసి, మిగిలిన రెండింటినీ విరిగిన ముక్కలుగా వదులుతుంది. 2004లో వచ్చిన 2.6.4 కెర్నల్ నుండి ఈ సౌకర్యముంది. అయితే ఇది చెరిపేది ఒక యూనికోడ్ సంకేతాన్నే గాని తెలుగువారు ఎరిగిన అక్షరాన్ని కాదు. ‘క్షి’ పూర్తిగా పోవాలంటే మీటను నాలుగుసార్లు నొక్కవలసిందే.