నొప్పులు తెప్పిస్తామంటున్నారు, ఒప్పుకోమంటారా?

మా సొసైటీ వైద్య సహాయ విభాగానికి కాన్పుల గురించి వచ్చే ఫోన్లు ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. "సలాం భాయ్, డాక్టరమ్మ రేపు పొద్దున్నే అడ్మిట్ కమ్మంటోంది. ఇంకా నొప్పులు రాలేదు, మందు పెట్టి తెప్పిస్తారంట. ఒప్పుకోమంటారా?" అడిగేది అమ్మాయి తల్లో, ఆడబిడ్డో అయి ఉంటుంది. భర్త చాలాసార్లు కువైట్‌లోనో సౌదీలోనో ఉంటాడు. పైకి డబ్బు సహాయం అడుగుతున్నట్టే ఉంటుంది గానీ, వాళ్లకు ముందు కావలసింది ఆ ప్రశ్నకు జవాబు. మేము డాక్టర్లం కాము, ఆ మాట మొదటే చెప్పేస్తాం. కానీ మీరిచ్చే జకాత్, సదఖాల్లో కొంత ఈ నిర్ణయం మీదే ఖర్చవుతోంది. అందుకే ఇన్నేళ్లలో దీని గురించి మేము నేర్చుకున్నది దాతలైన మీ ముందు పెడుతున్నాం.

ముందుగా మా తప్పు చెప్పుకోవాలి. ఒకప్పుడు ఇలాంటి ఫోన్ వస్తే మా మొదటి అనుమానం ఆసుపత్రి మీదికే పోయేది. అనుమానానికి కారణం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. నొప్పులు తెప్పించడమంటే ఆపరేషన్‌కు తొలిమెట్టేనని మేమూ అనుకునేవాళ్లం. ఒకసారి 37 వారాల గర్భంతో ఉన్న అమ్మాయికి బీపీ ఎక్కువగా ఉందని, ఆ రోజే చేర్చుకుని నొప్పులు తెప్పించాలని డాక్టరు చెప్పారు. "ఇంకా మూడు వారాలుంది కదా, మరో డాక్టరుకు చూపించండి, తర్వాత డబ్బు సంగతి చూద్దాం" అన్నాం. మర్నాడు తెల్లవారుజామున ఇంట్లోనే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది ఇదే. అల్‌హమ్‌దులిల్లాహ్, తల్లీ బిడ్డా దక్కారు. ఆ అమ్మాయి తండ్రి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది. ఆనాటి నుంచి బీపీ అని రాసి ఉంటే ముందు డబ్బు కడతాం, ప్రశ్నలు ఆ తర్వాతే.

గర్భంతో వచ్చే ఈ బీపీకి మాత్రలు తాత్కాలికంగా పనిచేస్తాయి. కాన్పయి, మాయ బయటికి వచ్చాకే జబ్బు దిగడం మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లో ఇలాంటి స్వల్ప బీపీ ఉన్న 756 మంది గర్భిణులపై పరిశోధన చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. 36 వారాలు దాటాక నొప్పులు తెప్పించినవారిలో తల్లికి ప్రమాదాలు తగ్గాయి, సిజేరియన్లు పెరగలేదు. ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోయినా, మందులు వాడాల్సినంత షుగరున్నా, అరచేతులూ అరికాళ్లూ విపరీతంగా దురద పెట్టి పరీక్షలో కాలేయ సమస్య తేలినా, బిడ్డ ఎదుగుదల ఆగినా డాక్టరు తొందరపడటంలో న్యాయం ఉంది. ఎన్నో వారంలో అనేది జబ్బు తీవ్రతను బట్టి వాళ్లే చెప్పాలి.

చిక్కంతా ఏ జబ్బూ లేనివాళ్లతోనే. మెడకు పేగు చుట్టుకుందని చెప్పగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. నెలలు నిండిన బిడ్డల్లో నలుగురైదుగురిలో ఒకరికి అది ఉంటుంది. అదొక్కటే అయితే నొప్పులు తెప్పించనక్కర్లేదు, ఆపరేషనూ అక్కర్లేదు. బిడ్డ బరువెక్కువన్న మాటా అంతే. స్కాన్ చెప్పే బరువు పది, పదిహేను శాతం అటూ ఇటూ కావచ్చు. ఉమ్మనీరు తగ్గిందంటే మాత్రం ఎంత తగ్గిందో అడగాలి, రిపోర్టులో అంకె ఉంటుంది. ఇక ఆసుపత్రికి సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. భర్త వెకేషన్ మీద వచ్చాడు, తిరుగు టికెట్ లోపల బిడ్డను చూసుకోవాలి. లేదా జుమా రోజు పుడితే బాగుంటుంది. ఆ ముచ్చట మాకు అర్థమవుతుంది. కానీ 37, 38 వారాల్లో పుట్టిన పిల్లలకు ఊపిరి ఇబ్బంది, కామెర్లు, పాలు సరిగా తాగలేకపోవడం 39 నిండినవాళ్లకంటే ఎక్కువ. ఐసీయూ బిల్లు చేతికొచ్చాక వాళ్లు మళ్లీ మా దగ్గరికే వస్తారు.

వారాల లెక్కలోనే అసలు గందరగోళం ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాంద్ చూసి నెలలు లెక్కపెడతారు. చాంద్ నెల సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. తొమ్మిది చాంద్ నెలలంటే 266 రోజులు, అంటే 38 వారాలు. ఆసుపత్రి లెక్క ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, 40 వారాలు. రెండు లెక్కలూ ఒకే రోజున మొదలుపెడితే, అత్తగారు "నెలలు నిండాయి, ఇంకా నొప్పుల్లేవు" అని కంగారుపడే రోజున డాక్టరు లెక్కలో ఇంకా రెండు వారాల గడువు ఉంటుంది. దీనికి తోడు తొమ్మిదో నెల స్కాన్‌లో మరో కొత్త తేదీ వేసి ఇస్తారు. దాన్ని పట్టించుకోకూడదు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ చెప్పిన తేదీకే విలువ, అందులో తేడా వారానికి మించదు. చివరి నెలల స్కాన్‌లో మూడు వారాల దాకా తేడా రావచ్చు. నెలసరి తేదీ గుర్తులేదనే అమ్మాయిలను మా సోదరీమణులు ఒక ఉపాయంతో అడుగుతారు. ఆ నెలసరి రంజాన్‌లో వచ్చి ఉంటే తేదీ తప్పకుండా దొరుకుతుంది. ఏయే రోజాలు వదిలిందో, ఎన్ని కజా తీర్చాలో ఏ ఆడపిల్లా మర్చిపోదు.

ఇంతకీ ఏ జబ్బూ లేని తల్లి ఎంతవరకు ఆగవచ్చు? 41 వారాలు నిండాయని కచ్చితంగా తెలిస్తే నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. స్వీడన్‌లో 2,760 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 41 వారాలకు నొప్పులు తెప్పించారు, రెండో గుంపును 42 దాకా ఆగమన్నారు. ఆగినవాళ్లలో ఆరుగురు బిడ్డలు చనిపోయారు, మొదటి గుంపులో ఒక్కరూ పోలేదు. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. కాబట్టి 41 దాటాక కూడా "అల్లాహ్ రాసిన ఘడియకు అదే వస్తుంది" అని ఇంట్లో కూర్చోబెట్టడాన్ని మేము సమర్థించం. వైద్యం తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని మన ఉలమాలు చెబుతూనే ఉన్నారు.

39 దగ్గర మాత్రం ఆలోచించుకునే వీలుంది. అమెరికాలో 6,106 మంది తొలిచూలు గర్భిణులపై జరిగిన పరిశోధన 2018లో వచ్చింది. 39వ వారంలో నొప్పులు తెప్పించినవారిలో సిజేరియన్లు 18.6 శాతం, ఆగినవారిలో 22.2 శాతం. మా పాత అనుమానానికి ఇది సరిగ్గా ఎదురు. అయితే అక్కడ ఓపిక పట్టారు. గర్భాశయ ముఖద్వారం గట్టిగా ఉంటే ముందు జెల్‌తోనో, మిసోప్రోస్టాల్ మాత్రతోనో, చిన్న బెలూన్‌తోనో దాన్ని మెత్తబరచాలి, ఆ తర్వాత సెలైన్‌లో ఆక్సిటోసిన్. తొలి కాన్పుకు ఇదంతా ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. పొద్దున జెల్ పెట్టి, సాయంత్రానికే "నొప్పులు రాలేదు, ఆపరేషన్ చేయాలి" అంటే, బిడ్డ గుండె చప్పుడులో తేడా ఉందా అని తప్పకుండా అడగాలి. తేడా ఉంటే వాదన వద్దు, వెంటనే సంతకం పెట్టాలి. లేకపోతే ఇంకొంత ఆగవచ్చా అని అడిగే హక్కు తల్లికి ఉంది. మొదటి కాన్పు సిజేరియన్ అయినవారికి మిసోప్రోస్టాల్ వాడకూడదు, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. ఆ సంగతి డ్యూటీలో ఎవరు మారినా వాళ్లకు గుర్తుచేయాలి.

ఇప్పుడు ఫోన్ వస్తే మేము కొన్ని ప్రశ్నలే అడగమంటాం. కారణం ఏమిటి? మొదటి స్కాన్ ప్రకారం ఎన్ని వారాలు? ముఖద్వారం మెత్తబడిందా? రెండు రోజులు ఆగితే తల్లికి, బిడ్డకు ఏమేం పరీక్షలు చేస్తారు? అర్ధరాత్రి ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరు, రక్తం సిద్ధంగా ఉంటాయా? ఈ మాటలు అడిగితే చాలామంది డాక్టర్లు కోప్పడరు. కూర్చోబెట్టి చెబుతారు.

మీ విరాళాలను ఖర్చు చేసే తీరూ మార్చుకున్నాం. చివరి రోజు బిల్లుకే పెట్టే సొమ్ములో కొంత తీసి, మూడో నెలలోపు స్కాన్‌కు, బస్తీల్లో సోదరీమణుల దగ్గర ఉంచే బీపీ మిషన్లకు కేటాయిస్తున్నాం. ఆ స్కాన్ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆధార్‌తో పాటు దాచుకోమని అమ్మాయిలకు చెబుతున్నాం. తొమ్మిదో నెలలో తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా మా ఫోన్ కోసం, మా చెక్కు కోసం చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లమంటున్నాం. ఆటో ఖర్చు ఎవరు కట్టినా మర్నాడు తిరిగి ఇచ్చేస్తున్నాం.