కుందుర్పి రాయిని చదివితే.. కొలువు!

కుందుర్పి పల్లెల్లో బోరు లారీ ఆగిందంటే చుట్టూ జనం చేరతారు. అందరిదీ ఒకటే మాట: నీళ్లు పడతాయా, దుమ్మే లేస్తుందా? కొబ్బరికాయతో పాయింటు పెట్టించడం మీరూ చూసే ఉంటారు. అసలు జవాబు కింది రాయిలో ఉంది. దాన్ని చదవడమే ఒక ఉద్యోగం. ఇంజినీరింగ్ చేసి, కోడింగ్ తప్ప దారి లేదనుకున్న నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. మీకు అలా కాకూడదు.

లావా నుంచి బంగారం దాకా

శ్రీసత్యసాయి జిల్లా రామగిరిలోని ముదురు పచ్చ రాళ్లు సుమారు 270 కోట్ల ఏళ్ల కిందటి లావా. కొన్ని దిండ్లు పేర్చినట్టుంటాయి. లావా నీటి అడుగున పొంగి, పైపొర ఠక్కున గడ్డకడితేనే ఆ రూపం వస్తుంది. అంటే, ఈ కరవు నేల ఒకప్పుడు నీళ్ల కింద ఉంది! తర్వాత భూమి పొరల ఒత్తిడికి ఆ రాళ్లు మడతపడ్డాయి. పగుళ్లలో చేరిన వేడి ద్రవాలు బంగారాన్ని వదిలాయి. రామగిరి గనుల మూలం అదే.

సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి కింది నుంచి ఎగదన్ని, లోపలే చల్లారింది. కర్ణాటకలోని రామనగర నుంచి కళ్యాణదుర్గం వైపు సాగే క్లోజ్‌పేట్ గ్రానైట్ అదే. ఆపై గ్రానైట్ పగుళ్లలోకి మళ్లీ శిలాద్రవం ఎక్కి, నల్లని డోలరైట్ గోడలుగా మారింది. వీటినే డైకులంటారు.

మరి బోరుకేం సంబంధం?

గట్టి గ్రానైట్‌లో నీళ్లు నిలవవు. పైన మెత్తబడిన పొరలో, లోపలి పగుళ్లలోనే ఉంటాయి. డైకు అడ్డొస్తే చాలాసార్లు భూమిలో ఆనకట్టలా పనిచేస్తుంది. అందుకే పక్క చేలో నీళ్లు పడి, మీ చేలో దుమ్ము లేవొచ్చు. రెసిస్టివిటీ సర్వే పక్కా హామీ ఇవ్వదు కానీ, అప్పు తెచ్చి వేసిన బోరు ఎండిపోయే ముప్పును తగ్గిస్తుంది.

దారి ఇదీ

డిగ్రీలో జియాలజీ చదివితే ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీలో చేరొచ్చు. తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష: ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ. నెగ్గితే 1851లో మొదలైన జీఎస్‌ఐలోనో, కేంద్ర భూగర్భ జల బోర్డులోనో గ్రూప్-ఎ కొలువు. బీటెక్ వాళ్లైతే జీఐఎస్, రిమోట్ సెన్సింగ్‌తో మొదలుపెట్టండి. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

ఈ ఆదివారం జీఎస్‌ఐ 'భూకోశ్' పోర్టల్‌లో మీ మండలం మ్యాప్ తెరవండి. తర్వాత చేలో నల్లరాళ్ల వరస ఎటు పోతోందో నడిచి చూడండి. మొదటి పాఠం అక్కడే!