విడుదలకు ముందే వీధిన పడిన పాట

2023 సెప్టెంబరులో ఒకనాటి రాత్రి మా ఇంట్లో భోజనాలవుతున్నాయి. ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అబ్బాయి సెల్‌ఫోను కంచం పక్కనే పెట్టుకుని ఒక పాట వినిపించాడు.

"ఇదేం పాటరా? ఎప్పుడూ విన్నట్లు లేదే!" అన్నాను.

"విడుదలైతేగా నాన్నా వినడానికి! 'గేమ్ చేంజర్' సినిమాలోది. ఎవరో బయటపెట్టేశారు. మా క్లాసులో అందరి దగ్గరా వుంది" అన్నాడు, తానేదో ఘనకార్యం చేసినట్లు.

మా ఆవిడ మజ్జిగ పోస్తూ విని, "ఏమంత గొప్పగా లేదు" అని తేల్చేసింది. నేనూ తల వూపాను. అంతటితో ఆ పాట జాతకం మా ఇంట్లో తేలిపోయింది.

ఆ తర్వాత పత్రికల్లో చూద్దును కదా, నిర్మాతలు కేసు పెట్టారు. నాణ్యత లేని ఆ ప్రతిని దయచేసి ఎవరూ వ్యాప్తి చేయవద్దని వేడుకున్నారు. ఆ 'జరగండి' పాట అసలు రూపంలో విడుదలైంది 2024 మార్చి 27న. అంటే ఆరు నెలల ముందుగానే మేము ముగ్గురం అన్నాలు తింటూ దానికి తీర్పు చెప్పేశామన్నమాట! పొయ్యిమీద ఉడుకుతున్న కూర మూత తీసి, ఉప్పు చాలలేదని వంట చేసేవారిని ఆడిపోసుకోవడం లాంటి పని ఇది. ఆ సంగతి ఆ రాత్రి మాకెవరికీ తోచలేదు.

అప్పటినుంచీ ఈ విషయం మీద నాకు కుతూహలం పట్టుకుంది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇదేం పిచ్చి అంటారేమో. పాట కూడా వాఙ్మయమే కదండీ!

మా చిన్నప్పుడు క్యాసెట్టు దుకాణానికి వచ్చేదాకా పాట ఎలా వుంటుందో బయటివాడికి తెలిసే దారి లేదు. దొంగ క్యాసెట్లు లేవని కాదు. అవీ చాలావరకు అసలుది వచ్చాక పుట్టినవే. ఈ కట్టుబాటును తెంచింది ఒక చిన్న లెక్క. సీడీలో నాలుగు నిమిషాల పాట సుమారు 40 మెగాబైట్ల చోటు ఆక్రమిస్తుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో పనిచేసే ఇంజనీర్లు, మనిషి చెవి ఎలాగూ పట్టుకోలేని ధ్వనులను వదిలివేసి, ఆ పాటనే సుమారు 4 మెగాబైట్లలో ఇమిడ్చే పద్ధతిని రూపొందించారు. 1995లో దానికి ఎంపీ3 అనే పేరు స్థిరపడింది. మంచి పనికే కనిపెట్టారు. కాని మూట చిన్నదైతే మోసుకుపోవడమూ సులభమే.

1999లో అమెరికాలో నాప్‌స్టర్ వచ్చింది. ఒకరి కంప్యూటరులోని పాటను మరొకరు తీసుకునే ఏర్పాటు అది. మరుసటేడు మెటాలికా అనే వాద్యబృందం ఒక సినిమా కోసం పాట తయారుచేస్తూ వుండగా, ఆ చిత్తుప్రతే కొన్ని రేడియో స్టేషన్లలో మోగింది. ఎలా వచ్చిందా అని ఆరా తీస్తే నాప్‌స్టర్ దగ్గర తేలింది. బృందం కోర్టుకెక్కింది. రికార్డు కంపెనీలు అంతకుముందే దావా వేసి వున్నాయి. 2001 జూలైలో నాప్‌స్టర్ మూతపడింది. దుకాణం మూసినంత మాత్రాన అలవాటు పోతుందా?

ఇంతకూ విడుదల కాని పాట బయటికెలా వస్తుంది? మంత్రతంత్రాలేమీ లేవు. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రాన కింగ్స్ మౌంటెన్ అనే వూళ్లో సీడీలు అచ్చుకొట్టే ఫ్యాక్టరీ ఒకటి వుండేది. మొదట పాలీగ్రామ్ కంపెనీది. 1998 తర్వాత యూనివర్సల్ వారిది. దేశమంతా ఎదురుచూసే ఆల్బములు దుకాణాలకు చేరడానికి కొన్ని వారాల ముందే అక్కడ డబ్బాల్లోకి ఎక్కేవి. పనివాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు లోహాన్ని పసిగట్టే కడ్డీతో సోదా చేసేవారు. దానికి విరుగుడు ఏమిటో తెలుసా? బెల్టు బిళ్ల! పెద్ద బిళ్ల వెనుక సీడీ దాచుకుంటే, కడ్డీ కూసినా బిళ్లను చూసే కూసిందని వదిలేసేవారు. ఇలా బయటపడ్డ సీడీలు ఒక ఉద్యోగి చేతి మీదుగా ఇంటర్నెట్‌లోని ఒక రహస్య బృందానికి చేరాయి. కొన్నేళ్లలో దాదాపు 2,000 ఆల్బములు ఇలా ముందే వీధిన పడ్డాయని స్టీఫెన్ విట్ అనే రచయిత 2015లో ప్రచురించిన పుస్తకంలో రాశాడు. ఆ బృందం 2007లో చెదిరిపోయింది. ఆ ఉద్యోగి నేరం ఒప్పుకుని మూడు నెలలు జైల్లో గడిపాడు.

తర్వాత సీడీల కాలం వెనకబడింది. దొంగలకు బెల్టు బిళ్లతో కూడా పని లేకపోయింది. 2014 డిసెంబరులో మడోనా అనే ప్రఖ్యాత గాయని పాటల చిత్తుప్రతులు కంప్యూటరు దారిన బయటికి పోయాయి. చేసేది లేక ఆమె ఆ నెలలోనే ఆరు పాటలను హడావుడిగా విడుదల చేసింది. ఈ వ్యవహారంలో ఇజ్రాయెల్ దేశస్థుడొకనికి 2015లో 14 నెలల జైలుశిక్ష పడింది. అదే ఏడు మార్చిలో రావలసిన బ్యోర్క్ అనే ఐస్‌లాండ్ గాయని ఆల్బం ముందే పొక్కిపోగా, జనవరిలోనే విడుదల చేయవలసి వచ్చింది. దొంగ తలుపు తీస్తే, ఇంటివాళ్లు ముహూర్తం ముందుకు జరుపుకోవడమన్నమాట!

మన దగ్గరా ఇదే జరిగింది. 2022లో 'సర్కారు వారి పాట' సినిమాలోని 'కళావతి' పాటను ఫిబ్రవరి 14న విడుదల చేస్తామని ప్రకటించారు. ముందే బయటికి పోవడంతో 13వ తేదీననే విడుదల చేశారు. సంగీత దర్శకుడు తమన్ తన ఆవేదనను స్వయంగా తన గొంతుతోనే చెప్పుకున్నాడు. వాయిద్యాల చాటున వుండే మనిషి అలా మాట్లాడవలసి రావడం నాకు బాధనిపించింది.

కంపెనీల వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పూర్వం ఒకే ఆల్బం ఆస్ట్రేలియాలో శుక్రవారం, ఇంగ్లండులో సోమవారం, అమెరికాలో మంగళవారం వచ్చేది. ఆ మూడు నాలుగు రోజుల సందులోనే దొంగప్రతులు దేశాలు దాటేవి. 2015 జూలై 10 నుంచి చాలా దేశాల్లో కొత్త సంగీతానికి శుక్రవారమే ముహూర్తమని ఏర్పాటు చేసుకున్నారు. మరికొందరు అసలు ముందుగా చెప్పడమే మానుకున్నారు. 2013 డిసెంబరు 13న బియాన్సే అనే గాయని ఏ ప్రకటనా లేకుండా ఆల్బం మొత్తాన్ని ఒక్కసారిగా విడుదల చేసింది.

మన సినిమా పాటకు ఆ గుట్టు సాధ్యం కాదు. బాణీ కట్టినవారు, రాసినవారు, ముందు ట్రాకు పాడినవారు, తర్వాత అసలు పాడినవారు, వాయించినవారు, శబ్దాలు సరిచేసినవారు ఇందరి చేతుల్లో పడాలి. అంతటితో అయిందా? నృత్యం కూర్చాలంటే ముందు పాట వుండాలి. షూటింగులో నలుగురి మధ్య పెద్దగా మోగించాలి. తర్వాత కూర్పరి గదికి వెళ్లాలి. ఇన్ని గుమ్మాలు దాటే పాటకు ఏ గుమ్మం దగ్గర చిల్లు పడిందో ఎవరు చెప్పగలరు? అందరూ నమ్మకస్తులైనా ఒక్కడు చాలు.

ఇదంతా చెబితే మా అబ్బాయి వూరుకున్నాడా? "అయితే నష్టమేమిటి నాన్నా? ఊరికే ప్రచారం వచ్చిందిగా!" అన్నాడు. వాడి వాదంలో పస లేకపోలేదు. 2000లో రేడియోహెడ్ అనే ఇంగ్లీషు బృందం చేసిన 'కిడ్ ఎ' ఆల్బం విడుదలకు ముందే నాప్‌స్టర్‌లో చెలామణి అయింది. అయినా విడుదల కాగానే అమెరికా అమ్మకాల పట్టీలో మొదటి స్థానాన నిలిచింది. కాబట్టి ముందుగా పొక్కిన ప్రతి పాటా నష్టపోతుందని నేను చెప్పను. డబ్బు లెక్క అటూ యిటూ కావచ్చు.

అప్పుడు వాడికి నా కథ చెప్పాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో మా నాయనమ్మ పోయింది. ఆమె మీద ఒక పద్యమాలిక మొదలుపెట్టాను. పది పన్నెండు పద్యాలయ్యాయి. ఒకరోజు నేను గదిలో లేనప్పుడు నా స్నేహితుడు ఆ కాగితాలు తీసి హాస్టలు భోజనశాలలో అందరికీ చదివి వినిపించాడు. చెడు ఉద్దేశంతో కాదు, నా మీద అభిమానంతోనే. నేను వెళ్లేసరికి చప్పట్లు. ఒక పద్యాన్నయితే మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. తీరా చూస్తే అది నేను కొట్టేయాలని ముందురోజే గుర్తు పెట్టుకున్న పద్యం! మా నాయనమ్మ అలాంటి మనిషి కాదు. మాట బాగుందని రాసిన అబద్ధమది. వుంచితే ఆమెకు ద్రోహం. తీసేస్తే, "అదేమిటయ్యా, అసలుదే లేదు" అంటారు. ఆ రాత్రి కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క పాదమూ సాగలేదు. అవి ఇప్పటికీ పెట్టెలో అలాగే వున్నాయి.

మనవాళ్లు కావ్యానికి అంకితోత్సవమనీ, నాట్యానికి అరంగేట్రమనీ పెట్టారంటే వూరికే పెట్టలేదు. "ఇది నా పని, ఇక పూర్తయింది, చూడండి" అని చెప్పే హక్కు చేసినవాడిది. దొంగ ఎత్తుకుపోయేది ఆ ఒక్క మాటను. దాన్ని ఏ పోలీసూ వెతికి తెచ్చి ఇవ్వలేడు. మన 1957 నాటి కాపీరైటు చట్టంలోని 63వ సెక్షను సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా చెబుతుంది. మంచిదే. కాని పెట్టెలో పడివున్న నా పద్యాలను ఏ సెక్షను పూర్తి చేయిస్తుంది?

మా అబ్బాయి ఏమీ అనలేదు. ఫోను తీసుకుని తన గదిలోకి పోయాడు.

మార్చిలో అసలు పాట విడుదలైన రోజున వాడే తెచ్చి వినిపించాడు. మా ఆవిడ శ్రద్ధగా విని, "ఇది ఆ రోజు విన్నదేనా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఏది పాత పొరపాటో, ఏది కొత్త మెరుగో విడదీసుకోవడం నా వల్ల కాలేదు. మొదట విన్నదే చెవిలో తిష్ఠవేసుకుని వుంది. ఆ పాటను మొదటిసారి వినే భాగ్యం మాకిక లేదు.

ఆ తర్వాత కూడా ఏవేవో సినిమాల పాటలు ముందుగా పొక్కాయని వింటూనే వున్నాను. అవి మా వాడి ఫోనులోకి రాకుండా వుంటాయా? విన్నాడో లేదో నేనడగలేదు. మా ఇంటివాళ్లందరం వున్న వాట్సాప్ గ్రూపులోకి మాత్రం వాడి దగ్గర్నుంచి అలాంటి పాట మళ్లీ రాలేదు.