వాలు మీద మొరాయించే తలుపు

మేముండేది పిట్స్‌బర్గ్‌లో. మూడు నదులు, వాటి చుట్టూ కొండలు, ఆ కొండల మీద ఇళ్ళు. చదునైన వీధి కావాలంటే వెతుక్కోవాలి. ఇక్కడ బీచ్‌వ్యూ అనే పేటలో కాంటన్ ఎవెన్యూ అని ఓ చిన్న వీధి ఉంది. దాని వాలు 37 శాతం. అంటే 100 అడుగులు ముందుకి పోయేసరికి 37 అడుగులు పైకెక్కుతామన్నమాట. మన వాళ్ళందరికీ తెలిసిన పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి కూడా, పేరుకి తగ్గట్టు, కొండ వాలు మీదే ఉంది.

ఉగాది నాడు ఆ గుడికి వెళ్ళాం. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి అప్పటికి నెల్లాళ్ళు. జనం ఎక్కువగా ఉండడంతో కారుని కాస్త దూరంగా, మూతి పల్లం వైపు ఉండేలా ఆపాను. మాది మినీవ్యాన్. మీట నొక్కితే పక్క తలుపు దానంతటదే వెనక్కి జరిగి తెరుచుకుంటుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి వీలుగా ఉంటుందని ఏరి కోరి కొన్న సదుపాయం అది.

మీట నొక్కాను. తలుపు మూలుగుతూ సగం దాకా వెళ్ళి ఆగింది. ఆ సందులోంచే దిగొచ్చనుకుని అమ్మ ఒక కాలు కింద పెట్టి, పక్కనున్న స్తంభం పట్టుకుంది. ఇంతలో తలుపు మూడుసార్లు కూతపెట్టి ముందుకి రావడం మొదలెట్టింది. వచ్చి అమ్మ మణికట్టుకి తగిలి, అప్పుడు ఆగి, వెనక్కి పోయింది. రెండు మట్టిగాజులు చిట్లాయి, చెయ్యి కాస్త గీరుకుంది. అంతకు మించి ఏమీ కాలేదు. కానీ ఆ పూట పచ్చడి రుచి నాకు తెలియలేదు.

సోమవారం పొద్దున్నే కారు తీసుకుని మెకానిక్కు దగ్గరకి పరిగెత్తాను. ఆయన షెడ్డులో, బల్లపరుపు గచ్చు మీద, తలుపుని పదిసార్లు తెరిచి మూసి చూపించాడు. ఒక్కసారి కూడా తడబడలేదు. కాగితం మీద "లోపం కనబడలేదు" అని రాసిచ్చాడు. టెస్టర్లు పంపిన బగ్గుని "నా మెషీన్ మీద బాగానే పనిచేస్తోంది" అని నేనెన్నిసార్లు మూసేశానో ఆ క్షణంలో గుర్తొచ్చింది. "పోనీ, అంత తొందరగా బెదిరిపోకుండా దాని హద్దు కాస్త పెంచగలరా?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

ఈ తలుపులు సాధారణంగా పనిచేసే పద్ధతి ఇది. కారు పక్కభాగం లోపల ఒక మోటారు, దానికి చుట్టుకున్న తీగ, తలుపు జరిగే పట్టాలు. మోటారు తిరుగుతుంటే హాల్ సెన్సరు అనే చిన్న అయస్కాంత పరికరం టిక్కు టిక్కుమని లెక్క పంపుతుంది. టిక్కులు నెమ్మదించినా, మోటారు లాక్కునే కరెంటు ఒక హద్దు దాటినా, "ఏదో అడ్డం తగిలింది" అని కంట్రోలర్ అనుకుంటుంది. వెంటనే ఆపి, వెనక్కి తిప్పుతుంది. ఆ అడ్డం పసివాడి చెయ్యా, పుస్తకాల సంచీయా, భూమ్యాకర్షణా అన్నది దానికి తెలియదు. దానికి కనబడేది ఒక్క అంకె.

అయితే వాలు ఎంత అడ్డం పెడుతుంది? ఆదివారం మా ఇంటి ముందు వీధిలోనే కొలిచాను. ఫోన్‌లోని కోణమానిని 8 డిగ్రీలు చూపించింది. కారు మూతి పల్లం వైపే ఉంది. పవర్ డోర్ స్విచ్ కట్టేసి, ఇండియా ప్రయాణానికి ముందు సూట్‌కేసులు తూచుకుంటామే, ఆ కొక్కెం త్రాసుని తలుపు పిడికి తగిలించాను. తలుపుని మెల్లగా ఎగువకి లాగితే 6.5 కిలోలు చూపించింది. దిగువకి మెల్లగా వదులుతుంటే 2.5 కిలోలు. ఎగువకి లాగేటప్పుడు రాపిడి బరువుకి తోడవుతుంది, వదిలేటప్పుడు అదే రాపిడి మనకి సాయం చేస్తుంది. కాబట్టి రెండింటి సగటు 4.5 కిలోలు వాలు వాటా. తేడాలో సగం, అంటే 2 కిలోలు, రాపిడి. 4.5ని 8 డిగ్రీల సైన్ విలువతో భాగిస్తే తలుపు బరువు 32 కిలోలని తేలింది.

చదునులో మోటారుకి ఎదురయ్యేది 2 కిలోల రాపిడి. మా వీధిలో 6.5, అంటే మూడింతలకి పైమాటే. అదే తలుపుకి కాంటన్ ఎవెన్యూలో వాలు ఒక్కటే 11 కిలోలు. పోల్చుకోడానికి ఒక సంగతి: అడ్డం తగిలితే దానంతటదే వెనక్కి తగ్గే కిటికీ అద్దాలకి అమెరికా 118వ నంబరు భద్రతా ప్రమాణం పెట్టిన హద్దు 100 న్యూటన్లు, అంటే ఇంచుమించు 10 కిలోలు. ఆ ప్రమాణం పక్క తలుపులకి వర్తించదు. కానీ మనిషి చెయ్యి ఎంత నొక్కుడు దాకా భరించాలన్న దానికి అదొక కొలబద్ద. వాలు ఆ స్థాయి బలంతోనే అడ్డం పడుతుంటే, తలుపు దాన్ని చెయ్యి అనుకోవడంలో ఆశ్చర్యమేముంది?

ఇక్కడిదాకా వచ్చాక కూడా నా బుర్రలో ఉన్నది హద్దు పెంచడమే. 4.5 కిలోలు కలిపేస్తే సరిపోదా? కాగితం మీద రెండో వైపు లెక్క వేశాక గానీ తప్పు తెలియలేదు. తెరుచుకునేటప్పుడు ఎగువకి పోయే తలుపు, మూసుకునేటప్పుడు దిగువకి వస్తుంది. అప్పుడు వాలు మోటారుకి అడ్డం కాదు, తోడు. మోటారుకి శ్రమ ఉండదు, కరెంటు తక్కువ, టిక్కులు చక్కగా పడుతుంటాయి. మధ్యలో చెయ్యి అడ్డమొస్తే, మోటారు తన హద్దు చేరేసరికి ఆ చేతి మీద చదునులో కంటే 4.5 కిలోలు ఎక్కువ పడి ఉంటుంది. పైగా నేను అడిగినట్టు హద్దుని ఇంకో 4.5 పెంచి ఉంటే, మొత్తం 9 కిలోలు ఎక్కువ. అమ్మ చేతికి గీరుకుపోవడంతో సరిపోయేది కాదు.

మూలుగుతూ ఆగిపోయే తలుపు మనకి విసుగు తెప్పిస్తుంది. ఫిర్యాదు చేస్తాం. ప్రమాదం మాత్రం చడీచప్పుడు లేకుండా, హాయిగా జారుకుంటూ వచ్చే వైపున ఉంది. దాని మీద ఎవరూ ఫిర్యాదు రాయరు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా అమ్మకి చెప్పాను. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటూ విని, "మనూళ్ళో వంతెన దగ్గర రిక్షా అబ్బాయి ఏం చేసేవాడురా? ఎత్తు కనబడగానే ముందే దిగి తోసేవాడు. అవతల పల్లం రాగానే బ్రేకు పట్టుకునేవాడు. తొక్కలేక ఆగిపోయేదాకా ఉండేవాడా?" అంది.

నాకు నవ్వొచ్చింది గానీ, కంట్రోల్ ఇంజనీర్లు చెప్పేదీ అదే. హద్దుని కదపకూడదు. వాలుని ముందే కొలిచి, ఎగువకైతే అంత బలం కలపాలి, దిగువకైతే అంత తీసెయ్యాలి. మిగిలిన తేడా మాత్రమే అసలైన అడ్డంకి. వాలుని కొలవడానికి కొత్త పరికరం కనిపెట్టాల్సిన పని కూడా లేదు. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఆపే ఏర్పాటున్న కార్లలో వాలుని పసిగట్టే సెన్సరు ఉంటుంది. కారు భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ పద్ధతిని బాష్ సంస్థ 1986లోనే బయటపెట్టింది. బ్రేకుల కంట్రోలర్‌కి తెలిసిన సంగతి తలుపు కంట్రోలర్‌కి చేరాలి, అంతే. మన ఆఫీసుల్లో పక్క టీమ్ దగ్గరున్న డేటా మనదాకా రావడానికి ఎన్ని మీటింగులు పడతాయో మీకు తెలియనిది కాదు.

ఈలోగా మేం పాటిస్తున్న జాగ్రత్తలు ఇవి. పెద్దవాళ్ళనీ పిల్లలనీ దింపాలంటే కారు మూతిని ఎగువకి పెడుతున్నాను. అప్పుడు తలుపు తెరుచుకునే వైపే పల్లం. ఏ కారణం చేతనైనా పూర్తిగా పట్టుకోకపోయినా, తెరిచిన వైపే ఉండిపోతుంది. మూసేటప్పుడు మూలుగుతుంది, మూలగనీ. తప్పనిసరిగా మూతి పల్లానికి పెట్టాల్సి వస్తే పవర్ స్విచ్ కట్టేసి చేత్తో తెరుస్తాను. చివరిదాకా వెళ్ళి టక్కుమని పట్టుకున్నాకే దిగమంటాను. సగం తెరిచిన తలుపులోంచి ఎవరూ దిగకూడదన్నది ఇంట్లో అందరికీ నియమం. చలికాలంలో గ్రీజు గట్టిపడి రాపిడి పెరుగుతుంది కాబట్టి పట్టాల్లో చేరిన ఉప్పూ ఇసకా తుడుస్తున్నాను.

మెకానిక్కుకి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి కారుని తన షెడ్డులో కాకుండా బయట వాలు మీద పెట్టి చూడమన్నాను. చూశాడు. పాత కాగితం కొట్టేసి, "వాలు మీద మాత్రమే కనబడుతోంది" అని రాసి కంపెనీకి పంపాడు. మీ బండికీ ఇలాంటి తలుపులుంటే, ఓ ఆదివారం వాలు మీద పెట్టి రెండు వైపులా పరీక్షించండి. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి, చుట్టిన తువ్వాలు పెట్టి చూడండి.