నల్లగుర్రం మీది సేనాని

1945 జూన్ 24న మాస్కోలో వాన. ఎర్రమైదానంలో విజయోత్సవ కవాతు. తెల్లగుర్రం మీద వచ్చి గౌరవవందనం అందుకున్నది మార్షల్ జుకోవ్. నల్లగుర్రం మీద ఎదురొచ్చి, సేనలు సిద్ధంగా ఉన్నాయని విన్నవించినది మార్షల్ రొకసోవ్‌స్కీ. 1930లో ఇదే జుకోవ్ ఆయన డివిజన్‌లో బ్రిగేడ్ కమాండరుగా, ఆయన చేతికింద పనిచేశారని చూస్తున్నవారిలో ఎందరికి గుర్తుందో!

కాన్‌స్తాంతిన్ రొకసోవ్‌స్కీ 1896లో పుట్టారు. తండ్రి పోలిష్ రైల్వే ఉద్యోగి. చిన్నతనంలోనే తల్లీతండ్రీ పోయారు. వార్సాలో రాళ్ళు చెక్కే పనిచేసి పొట్టపోసుకున్నారు. 1914లో యుద్ధం రాగానే జారుచక్రవర్తి అశ్వదళంలో చేరిపోయారు. విప్లవం తరువాత ఎర్రసైన్యం. అంతర్యుద్ధంలో రెండుసార్లు గాయపడ్డారు. గుర్రం మీదే మెట్టుమెట్టుగా పైకొచ్చి రెజిమెంటు, బ్రిగేడు, డివిజను, చివరికి కోర్ నడిపారు.

1937 ఆగస్టులో అరెస్టు చేశారు. పోలండుకూ జపానుకూ గూఢచారి అన్నది నేరారోపణ. పోలిష్ ఇంటిపేరు ఒక్కటే చాలిన రోజులవి. లెనిన్‌గ్రాడ్ జైల్లో కొట్టారు, పళ్ళు ఊడాయి. అయినా ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. ఇంటిదగ్గర భార్య యూలియా, కూతురు అరియాద్నా ఊరు విడిచిపోవలసి వచ్చింది. ఖైదీ భార్యకు ఉద్యోగం నిలిచేది కాదు. 1940 మార్చిలో విడుదల చేశారు. ఆ జూన్‌లోనే మేజర్ జనరల్ హోదా! నిన్నటి దేశద్రోహి నేటి జనరల్ ఎలా అయ్యాడని అడిగే ధైర్యం ఎవరికుంది?

మరుసటి ఏడు జర్మన్లు వచ్చిపడ్డారు. మాస్కో వాకిట ఆయన 16వ సైన్యం అడ్డునిలిచింది. స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కిన జర్మన్ సేనాని పౌలస్ 1943లో లొంగిపోయినప్పుడు ప్రశ్నించినవారిలో ఈయనా ఒకరు.

ఆయన స్వభావం తెలియాలంటే 1944 మే నెల సమావేశం చూడాలి. బొబ్రూయిస్క్ మీద రెండు వైపుల నుంచి సమాన బలంతో దాడి చెయ్యాలని ఆయన పట్టు. ఒక్క వైపు చాలునని పెద్దలు. పక్కగదిలోకి వెళ్ళి బాగా ఆలోచించుకుని రమ్మని స్టాలిన్ రెండుసార్లు పంపారట. రెండుసార్లూ వచ్చి అదేమాట చెప్పానని ఆయనే రాసుకున్నారు. కొందరు చరిత్రకారులకు ఈ కథ మీద అనుమానం ఉన్నా, చివరికి దాడి జరిగింది రెండు వైపుల నుంచే. జూన్ 29న బొబ్రూయిస్క్ చేజిక్కింది, అదేరోజు ఆయన మార్షల్ అయ్యారు.

ఆ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వార్సాలో పోలిష్ ప్రజలు జర్మన్ల మీద తిరగబడ్డారు. ఆయన సేనలు విస్తులా నది ఒడ్డుకు వచ్చి కూడా వారిని కాపాడలేకపోయాయి. సొంత చెల్లెలు హెలెనా ఆ నగరంలోనే ఉంది. పోలండువాసులు ఇది మరచిపోలేదు. 1949లో స్టాలిన్ ఆయనను పోలండు రక్షణమంత్రిగా పంపినప్పుడు, మాస్కో మనిషి వచ్చాడనే అనుకున్నారు. 1956లో పోజ్‌నాన్ కార్మికుల మీదికి సైన్యాన్ని పంపింది ఆయన శాఖే. పదులమంది చనిపోయారు. ఈ మచ్చను దాటవేసి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు. ఆ ఏడు నవంబరులో పదవి వదిలి మాస్కో చేరారు. రష్యాలో పోలండువాడు, పోలండులో రష్యావాడు! సొంతూరికి వెళితే 'మీరు అరవవాళ్ళా?' అనీ, ఉన్నచోట 'తెలుగువాళ్ళు' అనీ అనిపించుకునే మనవాళ్ళకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. మనకు అది నవ్వుకునే మాట, ఆయనకు జైలు.

1968 ఆగస్టులో కన్నుమూశారు. అస్థికలు క్రెమ్లిన్ గోడలో ఉంచారు. ఆయన ఆత్మకథ 1940 వసంతంలో, కుటుంబంతో కలిసి సోచీ వెళ్ళిన సంగతితో మొదలవుతుంది. ఆ సెలవులకు ముందు ఎక్కడున్నారో అందులో రాయలేదు.