వర్చువల్, భౌతిక స్విచ్‌ల మధ్య లింక్ అగ్రిగేషన్

రెండు నెట్‌వర్క్ స్విచ్‌ల మధ్య గల రెండు లేక అంతకంటే ఎక్కువ ఈథర్‌నెట్ లింకులను కలిపి, వాటిని ఒకే లింకుగా పనిచేయించే పద్ధతిని లింక్ అగ్రిగేషన్ అంటారు. ఒక తీగ తెగినప్పటికీ మిగిలిన వాటి మీదుగా రాకపోకలు కొనసాగడం, మొత్తం మీద సామర్థ్యం పెరగడం దీని ప్రయోజనాలు. స్విచ్‌లలో ఒకటి సర్వరు లోపల సాఫ్ట్‌వేర్ రూపంలో ఉండే వర్చువల్ స్విచ్ అయినప్పుడు అమరికలో కొన్ని చిక్కులు ఎదురవుతాయి. ఈ వ్యాసంలో వీఎమ్‌వేర్ ఈఎస్ఎక్స్ఐ సర్వరును సిస్కో స్విచ్‌తో కలిపే సందర్భం ఉదాహరణగా తీసుకోబడింది.

చరిత్ర

ఈ పద్ధతి 1990వ దశకం మొదట్లో కల్పన అనే సంస్థలో ఈథర్‌ఛానెల్ అన్న పేరుతో రూపొందింది. భారతీయ సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ స్థాపించిన ఈ సంస్థను 1994లో సిస్కో కొనుగోలు చేసింది. వేర్వేరు సంస్థల పరికరాలు కలిసి పనిచేయడానికి 2000లో ఐఈఈఈ 802.3ఎడి ప్రమాణం వెలువడింది. 2008లో ఇది 802.1ఎఎక్స్‌గా మారినప్పటికీ పాత పేరే ఎక్కువగా వాడుకలో ఉంది.

పేర్ల విషయంలో గందరగోళం ఎక్కువ. లినక్స్‌లో దీనిని బాండింగ్ అనీ, వీఎమ్‌వేర్‌లో టీమింగ్ అనీ అంటారు. హెచ్‌పి స్విచ్‌లలో ట్రంక్ అంటే లింకుల సమూహం. సిస్కోలో అదే మాటకు అనేక వీలాన్‌లను మోసే పోర్టు అని అర్థం. రెండు సంస్థల పరికరాలున్న చోట ఈ ఒక్క మాట వల్లనే పొరపాట్లు జరుగుతుంటాయి.

పనిచేయు విధానం

సమూహంలోని లింకుల మీద ఫ్రేములను ఒకదాని తరువాత ఒకటిగా పంచితే అవి వరుస తప్పి చేరే ప్రమాదం ఉంది. అందుచేత ఒక సంభాషణకు చెందిన ఫ్రేములన్నీ ఒకే లింకు మీద వెళ్ళేలా హ్యాష్ అనే చిన్న లెక్కతో లింకును ఎంపిక చేస్తారు. ఉదాహరణకు 192.168.1.10 చిరునామా గల వర్చువల్ యంత్రం 192.168.1.20తో మాట్లాడుతున్నదనుకుందాం. చివరి సంఖ్యలైన 10, 20లను ద్విసంఖ్యామానంలో రాసి ఎక్స్‌ఆర్ చేస్తే 30 వస్తుంది. లింకులు రెండే కనుక 2తో భాగించగా శేషం 0, అనగా మొదటి లింకు. గమ్యం 192.168.1.21 అయితే ఫలితం 31, శేషం 1, అనగా రెండవ లింకు.

దీనిని బట్టి రెండు ఒక గిగాబిట్ లింకులను కలిపినంత మాత్రాన ఒక ఫైలు కాపీ రెండు గిగాబిట్ల వేగంతో జరగదని తెలుస్తుంది. సింగిల్ లైను రైలుమార్గాన్ని డబుల్ లైను చేస్తే ఎక్కువ రైళ్ళు నడుస్తాయే గాని ఒక్కొక్క రైలు వేగం రెట్టింపు కాదు కదా. పైగా ఏ లింకును వాడాలో పంపేవారే నిర్ణయిస్తారు. సర్వరు నుండి వెళ్ళే ఫ్రేములకు వర్చువల్ స్విచ్, సర్వరుకు వచ్చే ఫ్రేములకు భౌతిక స్విచ్ వేర్వేరుగా లెక్క కడతాయి. ప్రశ్న ఒక తీగ మీద వెళ్ళి జవాబు మరొక తీగ మీద రావడం దోషం కాదు.

స్థిర పద్ధతి, ఎల్‌ఎసిపి

స్థిర పద్ధతిలో రెండు వైపులా పోర్టులను చేత్తో సమూహంలో చేర్చడమే తప్ప స్విచ్‌లు ఒకదానితో ఒకటి సంప్రదించుకోవు. ఎల్‌ఎసిపి అనే ప్రోటోకాల్‌లో సంప్రదింపులు ఉంటాయి. ఇందులో నిదానపు అమరికలో 30 సెకన్లకు ఒకసారి, వేగపు అమరికలో ప్రతి సెకనుకు సందేశాలు వెళ్తాయి. మూడు విడతల కాలం సందేశం అందకపోతే ఆ లింకును సమూహం నుండి తొలగిస్తారు. తీగను పొరపాటున వేరే స్విచ్‌లో పెట్టినా ఇది పసిగట్టగలదు, స్థిర పద్ధతి పసిగట్టలేదు.

వీఎమ్‌వేర్ స్టాండర్డ్ స్విచ్‌కు ఎల్‌ఎసిపి తెలియదు. దానికి స్థిర పద్ధతి ఒక్కటే మార్గం. ఎల్‌ఎసిపి కావాలంటే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ ఉండాలి. ఈ సౌకర్యం 2012లో విడుదలైన వీస్ఫియర్ 5.1తో వచ్చింది. డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ అన్ని లైసెన్సులతోనూ లభించదు.

అమర్చే క్రమం

స్టాండర్డ్ స్విచ్‌లో టీమింగ్ విధానాన్ని "రూట్ బేస్డ్ ఆన్ ఐపి హ్యాష్"గా మార్చాలి, సిస్కో వైపు "ఛానెల్-గ్రూప్ 1 మోడ్ ఆన్" అని ఇవ్వాలి. ఇక్కడ "మోడ్ యాక్టివ్" ఇస్తే భౌతిక స్విచ్ జవాబు రాని ఎల్‌ఎసిపి కోసం ఎదురుచూస్తుంది. పోర్టులన్నిటి వేగం, డ్యూప్లెక్స్, వీలాన్ అమరికలు ఒకేలా ఉండాలి. స్టాండ్‌బై అడాప్టర్లు ఉండరాదు, బీకన్ ప్రోబింగ్ వాడరాదు. తీగలన్నీ ఒకే భౌతిక స్విచ్‌కు గాని, ఒకే స్విచ్‌గా ప్రవర్తించే స్టాకుకు గాని చేరాలి.

అసలు ప్రమాదం మార్చే సమయంలో ఉంది. సర్వరు మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూడా సాధారణంగా ఈ తీగల మీదనే నడుస్తుంది. ఒక వైపు మార్చి రెండవ వైపు మార్చకముందే సంబంధం తెగిపోతే, దూరం నుండి సరిదిద్దే దారి ఉండదు. కాబట్టి ముందుగా భౌతిక స్విచ్‌లో ఒక పోర్టును మూసివేసి ఒకే తీగ మీద సర్వరును నిలపాలి. లింకు ఒక్కటే ఉన్నప్పుడు ఏ విధానమైనా ఫలితం ఒక్కటే. తరువాత సర్వరులో ఐపి హ్యాష్ అమర్చి, భౌతిక స్విచ్‌లో రెండు పోర్టులనూ సమూహంలో చేర్చాలి. ఆ సమయంలో కొన్ని క్షణాల అంతరాయం కలగవచ్చు. చివరగా మూసిన పోర్టును తెరవాలి. స్విచ్‌లో మార్చినప్పటికీ మేనేజ్‌మెంట్ పోర్టు గ్రూపు తన సొంత పాత విధానాన్నే పట్టుకుని ఉండవచ్చు. ఎక్కువమంది మరచిపోయేది దీనినే.

డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌లో ముందు లాగ్ అనే సమూహాన్ని సృష్టించి దానిని స్టాండ్‌బైగా ఉంచాలి. అడాప్టర్లను ఒక్కొక్కటిగా దానిలోకి మార్చిన తరువాత లాగ్‌ను యాక్టివ్ చేసి, విడి అప్‌లింకులను వాడనివాటి జాబితాలోకి పంపాలి. స్టాండ్‌బై స్థితి మార్పు జరిగేంతవరకే. భౌతిక స్విచ్‌లో "మోడ్ యాక్టివ్" ఇవ్వాలి.

లోపాలు

సర్వరులో ఐపి హ్యాష్ ఉండి భౌతిక స్విచ్‌లో సమూహం లేకపోతే, ఒకే మ్యాక్ చిరునామా ఒకసారి ఒక పోర్టులో, మరొకసారి ఇంకొక పోర్టులో కనిపిస్తుంది. స్విచ్ లాగ్‌లలో మ్యాక్ ఫ్లాపింగ్ అని నమోదవుతుంది. ఇటువంటప్పుడు కొన్ని యంత్రాలకు నెట్‌వర్క్ అంది, మరికొన్నిటికి అందక, తప్పు ఎక్కడుందో తెలియక సమయం వృథా అవుతుంది. సిస్కోలో "షో ఈథర్‌ఛానెల్ సమ్మరీ" ఆదేశం ఇస్తే, సమూహంలో సరిగా చేరిన పోర్టు పక్కన "పి" అనే అక్షరం కనిపిస్తుంది. స్థిర పద్ధతిలో మాత్రం ఆ అక్షరం ఈ వైపు సంగతే చెబుతుంది. అవతలి వైపు అమరికను విడిగా చూడవలసిందే.

ఆవశ్యకత

వీఎమ్‌వేర్‌లో ముందుగానే ఉండే విధానం ఒక్కొక్క వర్చువల్ యంత్రాన్ని ఒక్కొక్క అప్‌లింకుకు కేటాయిస్తుంది. దీనికి భౌతిక స్విచ్‌లో ఏ సమూహమూ అక్కరలేదు, తీగ తెగితే యంత్రాలు రెండవదానికి మారతాయి. అనేక చిన్న యంత్రాలున్న సర్వరుకు ఇదే చాలు. ఒకే వర్చువల్ యంత్రం అనేకమంది వినియోగదారులకు సేవలందిస్తూ ఒక లింకును నింపివేస్తున్నప్పుడే లింక్ అగ్రిగేషన్ శ్రమకు తగిన ఫలితం ఇస్తుంది. ఐస్కసి నిల్వ పరికరాలకు దీనికంటే మల్టీపాతింగ్ అనువైనది.